న్యూయార్క్‌లో పాత ఫైర్ హౌస్ కనిపిస్తే దాన్ని చదవడం ఎలా

మా మామయ్య విజయవాడ నుంచి వచ్చినప్పుడు మ్యాన్‌హట్టన్‌లో తిప్పుతుంటే ఒక ఫైర్ హౌస్ ముందు ఆగిపోయాడు. "ఇదేంట్రా, ఫైర్ స్టేషనంటే పెద్ద ఆవరణ ఉండాలి, ఎర్ర రంగేసిన ఇసుక బకెట్లు వేలాడుతుండాలి, ఇదేమో షట్టరు దించిన కిరాణా కొట్టులా రెండు బిల్డింగుల మధ్య ఇరుక్కుని ఉంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళుగా జెర్సీలో ఉంటూ రోజూ వాటి ముందు నుంచే పోతున్నాను గానీ ఒక్కసారీ తలెత్తి చూసింది లేదు. ఆ తర్వాత పట్టుకున్న పిచ్చి ఇది. ఇప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తే స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ అయ్యాక, వాళ్ళకి ఇష్టం ఉన్నా లేకపోయినా, నా ఫైర్ హౌస్‌ల టూర్ ఒక పూట ఉంటుంది. మీకూ అలా ఒక పూట దొరికితే ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో రాస్తున్నాను.

ముందు తలుపు పైన రాయి మీద చెక్కిన అక్షరాలు చదవండి. మనకి ఎర్ర బండి ఏదైనా ఫైరింజనే. వీళ్ళకి కాదు. ఇంజన్ కంపెనీ అంటే నీళ్ళు, అంటే పంపు, గొట్టాలు, హైడ్రంట్ (మంటలార్పడానికి వీధి పక్కన పెట్టిన నీళ్ళ కుళాయి) నుంచి నీళ్ళు లాగి మంట మీద కొట్టేవాళ్ళు. ల్యాడర్ కంపెనీ అంటే నిచ్చెనలు, గొడ్డళ్ళు, తలుపులు బద్దలుకొట్టి లోపల మనుషుల్ని వెతికేవాళ్ళు. వాళ్ళ బండిలో నీళ్ళ పని ఉండదు. పాత బిల్డింగుల మీద ల్యాడర్ అని కాకుండా హుక్ అండ్ ల్యాడర్ అని ఉంటుంది. ఆ హుక్ ఏంటంటే, ఊరంతా చెక్క ఇళ్ళున్న రోజుల్లో అంటుకున్న ఇంటి మీద నీళ్ళు పోసి లాభం లేదనుకున్నప్పుడు, పక్కింటికి పాకకుండా పొడుగాటి కర్రకి కట్టిన ఇనప కొక్కెంతో పైకప్పునీ గోడనీ లాగి పడేసేవాళ్ళు. మన పల్లెల్లో తాటాకు ఇళ్ళు అంటుకుంటే పక్క కప్పు పీకేసేవాళ్ళే, అదే బుర్ర. కంపెనీ అన్న మాట చూసి ఏదో ప్రైవేటు సంస్థ అనుకోకండి, అది వాలంటీర్ల కాలం నుంచి మిగిలిపోయిన మాట.

తర్వాత నంబరు. రాతి మీద చెక్కిన నంబరూ బయట నిలబడిన బండి మీద నంబరూ కలవకపోతే కంగారు పడొద్దు, అక్కడే కథ ఉంది. 1898 దాకా బ్రూక్లిన్ వేరే నగరం, దానికి సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్, సొంత నంబర్లు. ఆ ఏడాది జనవరి 1న అన్నీ కలిపి ఒకే న్యూయార్క్ చేసేసరికి రెండు చోట్లా ఇంజన్ 5 ఉంది. ఎవరిని పిలిస్తే ఎవరొస్తారు? అందుకని బ్రూక్లిన్ ఇంజన్ల నంబర్లకి ముందు 100 కలిపారు, 1913లో ఇంకో 100 కలిపారు. కాబట్టి బ్రూక్లిన్‌లో 205 అని కనిపిస్తే 200 తీసేయండి, పాత ఊరి నంబరు బయటపడుతుంది.

ఇక ఏడాది. తలుపు పక్కనో పైనో ఒక పలక ఉంటుంది, కమిషనర్ల పేర్లు, ఆర్కిటెక్ట్ పేరు, ఏడాది. మన దగ్గర శిలాఫలకం మీద మంత్రిగారి పేరుండటం లాంటిదే, ఇక్కడా అంతే. ఆ ఏడాదిని 1865తో పోల్చి చూడండి. ఎందుకు 1865 అనేది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీనిమీదే నిలబడింది.

ఈ ఊరు డచ్చివాళ్ళ చేతిలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్నప్పుడు, 1648లో, గవర్నర్ పీటర్ స్టైవెసెంట్ నలుగురు వార్డెన్లని పెట్టాడు. వాళ్ళ పని మంటలార్పడం కాదు, ఇంటింటికీ వెళ్ళి పొగగొట్టాలు శుభ్రంగా ఉన్నాయా లేదా చూసి, లేకపోతే జరిమానా వేయడం. ఆ జరిమానా డబ్బుతోనే నిచ్చెనలు, కొక్కేలు, చెప్పులు కుట్టేవాళ్ళతో కుట్టించిన తోలు బకెట్లు కొన్నారు. 1731లో లండన్ నుంచి రెండు చేతి పంపులు వచ్చాయి. 1737లో చట్టం చేసి వాలంటీర్ల దళం పెట్టారు. జీతం లేదు. పగలు కంసాలి పనో కసాయి పనో చేసుకుంటారు, గంట మోగితే అన్నీ వదిలి పరిగెత్తి పంపుబండిని తాళ్ళతో తామే లాక్కుంటూ పోతారు. దాన్ని పెట్టుకునే చోటు కూడా మొదట్లో షెడ్డే, అంతకుమించి ఏం లేదు.

వందేళ్ళు అలా నడిచింది. 1835 డిసెంబరు 16 రాత్రి వాల్ స్ట్రీట్ దగ్గర అంటుకుంది. ఎంత చలంటే నది గడ్డకట్టింది, మంచుని పగలగొట్టి పంపులు పెడితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి. చివరికి ఓడల యార్డు నుంచి తుపాకీ మందు తెప్పించి, మంట దారిలో ఉన్న ఇళ్ళని పేల్చేసి ఖాళీ చేస్తే గానీ ఆగలేదు. 600కి పైగా బిల్డింగులు పోయాయి, ఊళ్ళో ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు దివాళా తీశాయి. అప్పటికే అనుకుంటున్న క్రోటన్ నీళ్ళ కాలువకి దీంతో తొందరొచ్చింది, 1842లో ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి, వీధుల్లో హైడ్రంట్లు వచ్చాయి.

హైడ్రంట్లు వచ్చాక గొడవలు పెరిగాయి, తగ్గలేదు. ఎవరు ముందు చేరి నీళ్ళు కొడితే వాళ్ళదే పేరు. అందుకని ఒక కంపెనీవాళ్ళు ముందుగా ఒక కుర్రాణ్ణి పరిగెత్తించేవాళ్ళు, వాడు వెళ్ళి హైడ్రంట్ మీద ఖాళీ పీపా బోర్లించి దాని మీద కూర్చునేవాడు, తమ బండి వచ్చేదాకా ఎవరికీ కనపడకుండా. అవతలివాళ్ళు వచ్చి లేపబోతే కొట్లాట. ఇల్లు ఒకవైపు కాలుతుంటే వీధిలో వీళ్ళు తన్నుకునేవాళ్ళు. మన కోనసీమలో ప్రభల తీర్థంలో మా ఊరి ప్రభ ముందంటే మా ఊరి ప్రభ ముందని పట్టుబట్టడం చూసినవాళ్ళకి ఈ పౌరుషం వెంటనే అర్థమవుతుంది. పైగా ఇందులోంచి రాజకీయం పుట్టింది. ఓట్లు కావాలంటే ఇలాంటి కుర్రాళ్ళ గుంపు చేతిలో ఉండాలి. న్యూయార్క్‌ని దోచుకుతిన్నాడని పేరుపడ్డ బాస్ ట్వీడ్ మొదలుపెట్టింది అమెరికస్ ఇంజన్ కంపెనీ నంబర్ 6కి నాయకుడిగానే. ఆ బండి మీద బొమ్మ పులి, తర్వాత అదే అతని పార్టీ ముఠాకి గుర్తయిపోయింది.

రెండు దెబ్బలతో ఇది ముగిసింది. ఒకటి 1863 జూలైలో, సైన్యంలోకి బలవంతంగా తీసుకునే లాటరీ మీద ఊళ్ళో అల్లర్లు లేచినప్పుడు, లాటరీ ఆఫీసుకి నిప్పు పెట్టిన గుంపులో ముందున్నది ఇంజన్ 33 వాలంటీర్లు. మంటలార్పాల్సినవాళ్ళే అంటించారు. రెండోది ఆవిరి పంపు. చేతి పంపు కొట్టడానికి పదుల మంది కావాలి, ఆవిరి పంపుకి గుర్రాలూ గట్టిగా డజను మందీ చాలు, జీతమిచ్చి పెట్టుకోవచ్చు. సిన్సినాటి 1853లోనే ఆ పని చేసి చూపించింది. న్యూయార్క్ వాలంటీర్లు ఆవిరి బండి వద్దే వద్దని చాన్నాళ్ళు మొండికేశారు, వాళ్ళ కూడు పోతుందని కాదు, వాళ్ళకి జీతమే లేదు కదా, వాళ్ళ గొప్ప పోతుందని. 1865 మార్చిలో రాష్ట్రం చట్టం చేసి జీతాల దళం పెట్టింది, 1870లో అది నగరం చేతికొచ్చింది. ఆ తిప్పడంలో కూడా చెయ్యి ట్వీడ్‌దే.

1865కి ముందుది చూడాలంటే 155 మెర్సర్ స్ట్రీట్‌కి వెళ్ళండి, 1854లో మొదలెట్టి కట్టిన ఫైర్‌మెన్స్ హాల్, వాలంటీర్లు తమ కోసం కట్టించుకున్న మహల్. మీకు దారిలో కనిపించేవి మాత్రం దాదాపు అన్నీ 1865 తర్వాతవే.

ఇప్పుడు అసలు విషయం, తలుపు. నా ఉద్దేశంలో మిగతావన్నీ వదిలేసినా తలుపు ఒక్కటి చదివితే బిల్డింగు సగం అర్థమవుతుంది. మ్యాన్‌హట్టన్‌లో మామూలు స్థలం ముందు 25 అడుగులు, లోతు 100 అడుగులు, మన లెక్కలో 277 గజాల చిల్లర. ఫైర్ హౌస్‌కీ అంతే ఇచ్చారు, ఎందుకంటే గుర్రం ఎక్కువ దూరం పరిగెత్తలేదు. నాలుగు టన్నుల దాకా ఉండే ఆవిరి బండిని మూడు గుర్రాలు దౌడు తీయించేది కాసేపే. కాబట్టి ఊరికి ఒక పెద్ద స్టేషన్ పనికిరాదు, ప్రతి కొన్ని వీధులకీ ఒక చిన్నది కావాలి. మామయ్య అడిగినదానికి జవాబు ఇదే. మన దగ్గర ఫైర్ స్టేషన్లు చాలావరకు లారీలొచ్చాక పుట్టినవి, అందుకే ఆవరణ ఉంది. ఇక్కడివి గుర్రాన్ని బట్టి కట్టినవి, అందుకే కొట్టులా ఉన్నాయి.

తలుపు ముందు నిలబడి లోపల ఎలా ఉండేదో ఊహించుకోండి. ముందు భాగంలో బండి, ముక్కు వీధివైపు. దాని బాయిలర్‌కి కింద సెల్లార్లోని ఇంకో బాయిలర్ నుంచి గొట్టం, నీళ్ళు ఎప్పుడూ వేడిగా ఉండేలా. బండి కదిలితే ఆ గొట్టం దానంతటదే ఊడిపోతుంది, పొయ్యి వెలిగించుకుంటూ దారిలో ఆవిరి పట్టించుకుంటారు. వెనకవైపు గుర్రాల కొట్టాలు. గంట మోగగానే కొట్టాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, గుర్రాలు ఎవరూ తోలకుండానే నడిచొచ్చి బండి ముందు తమ చోట్లో నిలబడతాయి, పైకప్పుకి వేలాడదీసిన జీను వాటి మీద పడుతుంది, రెండు మూడు కొలికీలు టకటకా పెడితే బయల్దేరడమే. ఒక నిమిషం కూడా పట్టేది కాదు. నాకు ఆఫీసుకి బయల్దేరేముందు తాళాలు దొరకడానికే పది నిమిషాలు.

తలుపులు రెండో మూడో ఉంటే అది పెద్ద ఇల్లు, ఒకటి కంటే ఎక్కువ బళ్ళున్నది. 87 లఫాయెట్ స్ట్రీట్‌లో 1895 నాటి ఇంజన్ 31 ఇల్లుంది, మూడు తలుపులు, పైన ఫ్రెంచి జమీందారు కోటలా బురుజూ ఏటవాలు కప్పూ, ఇప్పుడు అందులో డాక్యుమెంటరీ సినిమాల సంస్థ ఉంది. తలుపు చుట్టూ రాయి కొత్తగా, పైన పాతగా కనిపిస్తే, లారీలు పెద్దవయ్యాక తలుపు వెడల్పు చేశారేమోనని అనుమానించండి. న్యూయార్క్‌లో గుర్రాలు చివరిసారి పరిగెత్తింది 1922 డిసెంబరు 20న, బ్రూక్లిన్ ఇంజన్ 205వి.

కొన్నిచోట్ల తలుపు కాదు, బిల్డింగే తగ్గింది. నార్త్ మూర్ స్ట్రీట్, వేరిక్ స్ట్రీట్ మూలలో హుక్ అండ్ ల్యాడర్ 8 ఉంది. దెయ్యాల్ని పట్టుకునే హాలీవుడ్ కామెడీ ఘోస్ట్‌బస్టర్స్ చూసినవాళ్ళకి వెంటనే గుర్తొస్తుంది, జనం ఫోటోలు దిగుతూనే ఉంటారు. వాళ్ళల్లో చాలామందికి తెలియనిదేంటంటే 1903లో కట్టినప్పుడు అది ఇంతకి రెట్టింపు వెడల్పు, రెండు తలుపులు. పదేళ్ళకి వేరిక్ స్ట్రీట్‌ని వెడల్పు చేస్తూ సగం కోసేశారు. రోడ్ విస్తరణలో ఇల్లు సగం పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉంటారు, కానీ కోసిన చోట కూడా ముందులాగే నగిషీ పెట్టి మూసినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు కళ్ళు పైకి. రెండో అంతస్తులో పెద్ద కిటికీలు, అక్కడ పడుకునేవాళ్ళు. అప్పట్లో షిఫ్టులు లేవు, ఇల్లే స్టేషన్, భోజనాల టైము వదిలితే దాదాపు మిగతా అంతా డ్యూటీనే. ఆ పైన ఎండుగడ్డి. గడ్డి నుంచే ఆ పేరుమోసిన స్తంభం కూడా పుట్టింది, కాకపోతే అది చికాగోలో. 1878లో అక్కడ ఇంజన్ 21, అందరూ నల్లజాతివాళ్ళే ఉన్న కంపెనీ. పై అంతస్తులో గడ్డి సర్దుతుండగా గంట మోగితే ఒకతను మెట్ల దాకా వెళ్ళకుండా గడ్డి కట్టే గడకర్ర పట్టుకుని కిందకి జారాడు. కెప్టెన్ డేవిడ్ కెన్యన్ అది చూసి నేలకి బొక్క పెట్టించి చెక్క స్తంభం పాతించాడు. మొదట అందరూ నవ్వారట, ఆ కంపెనీ అందరికంటే ముందు చేరుతోందని తెలిశాక నవ్వు ఆగింది. రెండేళ్ళలో బోస్టన్‌లో ఇత్తడి స్తంభం వచ్చింది. గుర్రాలు వంటింటి వాసనకి మెట్లెక్కేస్తున్నాయని గుండ్రటి మెట్లు పెట్టారన్న కథ కూడా ఇక్కడ అందరూ చెబుతారు, అందంగా ఉంది కాబట్టి నేనూ చెబుతుంటాను, ఒట్టేసి మాత్రం చెప్పను.

కప్పు మీద వెనకవైపు సన్నగా పొడుగ్గా ఒక గది లేచి ఉంటే అది గొట్టాలు ఆరేసే టవర్. అప్పటి గొట్టాలు గుడ్డవి, ఒక్కో ముక్క 50 అడుగులు, తడిగా చుట్టి పెడితే కుళ్ళిపోతాయి. చీరలు ఆరేసినట్టు నిలువునా వేలాడదీయాలి. వీధి అవతలి పేవ్‌మెంట్‌కి వెళ్తేనే ఇది కనిపిస్తుంది, దగ్గర నిలబడితే కనిపించదు.

నగిషీల గురించి ఎక్కువ చెప్పను, మీ కళ్ళకి మీరే చూసుకోవచ్చు. ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి, నెపోలియన్ లెబ్రన్. 1880 ప్రాంతం నుంచి 1895 దాకా ఈ డిపార్ట్‌మెంట్‌కి 40కి పైగా బిల్డింగులు ఇతనూ ఇతని కొడుకులూ గీశారు. కింద ఇనుముతో పోత పోసిన స్తంభాలు, పైన ఎర్ర ఇటుక, మట్టితో కాల్చిన పువ్వులు ఉంటే ముందు ఇతన్నే అనుమానించండి. ఇతని తర్వాత వచ్చినవాటిలో నాకు బాగా నచ్చేది 44 గ్రేట్ జోన్స్ స్ట్రీట్‌లోని ఇంజన్ 33, ఎర్నెస్ట్ ఫ్లాగ్, చేంబర్స్ కలిసి గీసింది, 1899లో పూర్తయింది. మూడు అంతస్తుల ఎత్తున ఒకే ఒక్క తోరణం, చూస్తే మెడ నొప్పెడుతుంది. ఆ నంబరు గుర్తుందా, అల్లర్లలో నిప్పుపెట్టిన వాలంటీర్లదీ ఇదే నంబరు. ఇద్దరికీ నంబరు తప్ప చుట్టరికం లేదు, 1865లో లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆ వాలంటీర్ల మచ్చ మర్చిపోవడానికే నగరం తర్వాత ఇంత డబ్బు పోసి ఇంత అందంగా కట్టిందేమోనని నాకనిపిస్తుంది.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే వాషింగ్టన్ ప్లేస్, గ్రీన్ స్ట్రీట్ మూల. 1911 మార్చి 25న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో 146 మంది, ఎక్కువగా వలస వచ్చిన అమ్మాయిలు, చనిపోయింది ఆ బిల్డింగులోనే. మంట 8, 9, 10 అంతస్తుల్లో, నిచ్చెనలు అందింది ఆరో అంతస్తు దాకా. పక్కనే ఇంత గొప్ప ఫైర్ హౌస్ ఉంది, బళ్ళు నిమిషాల్లో వచ్చాయి, అయినా లాభం లేకపోయింది, ఎందుకంటే ఒక తలుపుకి తాళం వేసి ఉంది. ఆ తర్వాతే చట్టాలు మారాయి, బయటికి దారులు, స్ప్రింక్లర్లు, డ్రిల్లులు. ఇంజన్ 33 చూసినవాళ్ళు ఇది చూడకుండా రావొద్దు.

దారి ఇలా పెట్టుకోండి. జెర్సీ నుంచైతే పాత్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగండి. రోడ్డు దాటితే లిబర్టీ స్ట్రీట్‌లో 124, ఇంజన్ 10, ల్యాడర్ 10 రెండూ ఉన్న ఇల్లు. పక్క గోడ మీద 56 అడుగుల కంచు ఫలకం, 2001 సెప్టెంబరు 11న చనిపోయిన ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు 343 మంది పేర్లు. అక్కడ ఫోటోల హడావిడి వద్దు. అక్కడి నుంచి ఉత్తరంగా నార్త్ మూర్, తూర్పుకి తిరిగి 87 లఫాయెట్, పైకి మెర్సర్, గ్రేట్ జోన్స్. ఇదంతా నడకే, మూడు గంటలు పెట్టుకోండి, పెద్దవాళ్ళుంటే మధ్యలో కాఫీకి కూర్చోబెట్టండి. స్ప్రింగ్ స్ట్రీట్‌లో 278, 1904 నాటి ఇంజన్ 30 ఇంట్లో ఫైర్ మ్యూజియం పెట్టారు, బయల్దేరేముందు తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్ళండి.

పనిలో ఉన్న ఫైర్ హౌస్ దగ్గర ఒకటే నియమం, తలుపు ముందు వాలుగా ఉన్న పేవ్‌మెంట్ మీద నిలబడొద్దు, పిల్లల్ని అసలే నిలబెట్టొద్దు. తలుపు తెరిచి ఉండి లోపల మనుషులు ఖాళీగా కనిపిస్తే పక్కన నిలబడి అడగండి. నా అనుభవంలో చాలాసార్లు రమ్మన్నారు, ఒకసారి విసుక్కున్నారు, అది వంట టైము.

ఓపికుంటే ఆస్టర్ ప్లేస్‌లో 6 నంబరు రైలెక్కి 125వ వీధి దాకా వెళ్ళండి, మార్కస్ గార్వే పార్కు కొండ మీద 47 అడుగుల ఇనప టవరుంది, 1850ల నాటిది. టెలిగ్రాఫ్ పెట్టెలు వీధుల్లోకి రాకముందు, పైన ఒక మనిషి రాత్రింబవళ్ళు చుట్టూ చూస్తూ ఉండేవాడు, పొగ కనిపిస్తే ఏ పేటలోనో ఆ నంబరన్నిసార్లు గంట కొట్టేవాడు. ఊళ్ళో ఇలాంటివి పదకొండు ఉండేవి, ఇదొక్కటే మిగిలింది. ఊగిపోతోందని 2015 నాటికి విప్పేసి, ముక్కలు బాగుచేసి, 2019లో మళ్ళీ అదే చోట నిలబెట్టారు. లోపల వేలాడుతున్న గంట బరువు 10,000 పౌండ్లు, నాలుగున్నర టన్నులు. మామయ్యని తీసుకెళ్ళినప్పుడు దాని కింద నిలబడి చాలాసేపు చూసి, "గంటైతే ఉందిగా, ఇసుక బకెట్లే లేవు" అన్నాడు.